పసుపు మరక మీది పెన్సిల్ గీత

మొన్న ఆదివారం మా హాల్లో ఉన్నవాళ్లు: నేను, నా భార్య, మా చిన్నక్క, ఆమె అల్లుడు. ఉన్నవి: టీవీ, పళ్లెం నిండా శనగ గుడాలు, సగం వరకు చూసిన ఒక హత్య కథ. అంతలో అల్లుడు నోరు జారి హంతకుడెవరో చెప్పేశాడు. ఆడవాళ్లిద్దరూ అతని మీదికి దిండ్లు విసిరి నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో, ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేతికి రాగానే నేను ఆర్మూర్ పసుపు యార్డులో ఎలక్ట్రానిక్ కాంటాలు బాగుచేసే పనిలో చేరాను. పని అయ్యాక నా దారి బస్టాండు వెనక ఉన్న అద్దె నవలల షాపుకే. ఆ షాపు నడిపే ఆమెను అందరం అక్క అనేవాళ్లం. మిషన్ మీద చీరలకు ఫాల్ కుడుతూనే, తలెత్తకుండా, ఏ నవల ఎవరింట్లో ఉందో చెప్పేది. మీలో అద్దె నవలలు చదివినవాళ్లకు, ఎన్నో చేతులు మారితే వచ్చే ఆ అట్టల మెత్తదనం ఇప్పటికీ వేళ్లకు గుర్తుండే ఉంటుంది.

కాంటా తప్పు చూపిస్తే, ఎక్కడెక్కడ లోపం ఉండొచ్చో జాబితా రాసుకుని ఒక్కొక్కటే కొట్టేస్తూ పోవడం నాకు అలవాటు. నేర కథలూ అట్లాగే చదివేవాణ్ని. మొదటి పేజీలో పెన్సిల్‌తో అనుమానితుల పేర్లు రాసి, ఒక్కొక్కరినే కొట్టేసి, చివరికి మిగిలినవాడికి టిక్కు పెట్టి, పక్కన నేను కనిపెట్టిన పేజీ నంబరు వేసి, పుస్తకం అట్లాగే తిరిగిచ్చేవాణ్ని. దుర్బుద్ధితో కాదు, బాగుచేసిన కాంటాకు చీటీ అతికించినంత గర్వం, అంతే. నా తర్వాత చదివేవాళ్లు ఉంటారన్న సంగతి తట్టనే లేదంటే మీరు నమ్మాలి.

ఆ షాపుకు వచ్చేవాళ్లలో యార్డు హమాలీ ఒకాయన ఉండేవాడు. నేను కాకా అని పిలిచేవాణ్ని. యాభై దాటిన ఒంటరి మనిషి; తోటివాళ్లంతా కలిసి సద్దులు విప్పుకుంటే, ఈయన బస్తాల వెనక కూర్చుని తిని, చెయ్యి తుడుచుకుని నవల తెరిచేవాడు. అక్కను ఎప్పుడూ ఒక్కటే అడిగేవాడు, ఇందులో తప్పు చేసినవాడు పట్టుబడ్డాడా, తనంతట తానే ఒప్పుకున్నాడా అని. ఒప్పుకున్న కథలే తీసుకుపోయేవాడు.

హంతకుడి పేరు మొదటి పేజీలోనే కనబడుతున్నదని నవలలు అద్దెకు తీసుకునే గిరాకీలు గొడవకు దిగారు. అక్క పుస్తకాలు తిరగేసి చూసింది. చాలావాటిలో, సరిగ్గా ఆ పేర్ల దగ్గర, చిక్కటి పసుపు వేలిముద్ర. ఇంకేముంది, తన దగ్గరికి వచ్చేవాళ్లలో పసుపు బస్తాలు మోసేది కాక ఒక్కడేనని ఆమె కేసు తేల్చేసింది. ఆ సాయంత్రం కాక రాగానే నలుగురిలో అడిగేసింది:

"సదివితే సదివినవ్ గని కాకా, మందికి కథ జెప్పుడెందుకే? నా షాపు మూయిస్తవా ఏంది?"

నేను పక్కనే ఉన్నాను. ఆమె చూపించిన పేజీలో నా పెన్సిల్ గీత పసుపు మరక మీది నుంచి పోయింది. అంటే మరక ముందు, రాత తర్వాత. అది చూసినవాణ్ని నేనొక్కణ్నే. చొక్కా జేబులో పెన్సిల్ ఉంది. దాన్ని ఇంకా లోపలికి నెట్టుకున్నాను. కాక కాదనలేదు, అవుననలేదు. చేతిలోని నవల బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆరు వారాలు ఆయన షాపు వైపు రాలేదు. మధ్యాహ్నాలు అదే బస్తాల వెనక, ఖాళీ చేతులతో కూర్చునేవాడు. "ఏం కాకా, ఇయ్యాల ఎవన్ని పట్టిచ్చినవ్?" అని హమాలీలు నవ్వేవాళ్లు. ఆ మనిషికి ఉన్న ఒక్క తోడునూ నేను తీసేశాననిపించి, కాంటా ముందు కూర్చుంటే అంకెలు కనబడేవి కావు.

చివరికి అక్క దగ్గరికి వెళ్లి, పెన్సిల్ బల్ల మీద పెట్టి చెప్పేశాను. ఆమె మిషన్ ఆపింది.

"సదువుకున్నోనివి, గింత గూడ సోయి లేదా? నాకు జెప్పుడు గాదు. పో, గాయన ముంగట జెప్పు, గా మందిల జెప్పు."

మర్నాడు సద్దుల వేళ, హమాలీలందరూ వింటుండగా చెప్పాను. కాక కోప్పడలేదు.

"ఎవడు జేసిండో నాకెందుకు బిడ్డా. ఎట్ల ఒప్పుకుండో గదే సదువుత."

మరి ఆ రోజు ఎందుకు కాదనలేదని అడిగాను. మిగతావాళ్లు పనికి లేచాక చెప్పాడు. ఏళ్ల కిందట బస్తాల వరస కూలి, ఆలూర్ నుంచి వచ్చే తోటి హమాలీ కాలు విరిగిందట. చిరిగిన బస్తా వల్లనే అని అందరూ అనుకున్నారు. అడుగు వరస తొందరలో వంకరగా పేర్చింది మాత్రం తానే. ఎవరికీ చెప్పలేదు. ఆ మనిషి కుంటుతూ ఇంటికి పోయాక, నలుగురిలో కూర్చుని తినబుద్ధి కాలేదట.

"గప్పుడు నా తప్పు నేను ఒప్పుకోలే. గీ తప్పన్న నా మీద పడనీ అనుకున్న."

ఆ శుక్రవారం ఆయన ఆలూర్ బస్సెక్కాడు. శనివారం యార్డులో నా కాంటా దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆ కాలు విరిగినాయన ఏమన్నాడు అని అడిగాను.

"తిట్టిండు. మస్తు తిట్టిండు. తిట్టి తిట్టి అలసి, అన్నం పెట్టిండు."

ఆ మధ్యాహ్నం ఆయన సద్ది అందరి మధ్యన విప్పుకున్నాడు.

ఇప్పుడు అక్క షాపు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఎవరి కథ వాళ్ల ఫోన్‌లోనే. మన ముందు ఎవరు చదివారో, మన తర్వాత ఎవరు చదువుతారో తెలియదు, కనుక ఎవరినీ నొప్పించామన్న బాధా లేదు, వెళ్లి చెప్పుకునే గడపా లేదు. అక్క అప్పుడు నాకు వేసిన శిక్ష ఒక్కటే, చేతికి రబ్బరిచ్చి షాపు మెట్ల మీద కూర్చోబెట్టడం. నేను పేర్లు రాసిన పుస్తకాలు ముప్పై ఏడు. ఒకటి తీసుకుపోయిన గిరాకీ ఎవరో మళ్లీ రాలేదు. తుడిచినవి ముప్పై ఆరు.