మైకు టీచరు గొంతు తీసెయ్యాలట!

ఆ బళ్ళో చిన్నపిల్లల తరగతి ఎక్కడని ఎవర్నీ అడగక్కర్లేదు. వీధి మలుపు తిరిగితే చాలు, చెవులే దారి చూపిస్తాయి. మైకు టీచరు "అ" అంటే ఎదురు మేడ మీద ఆరేసిన బట్టలు ఎగురుతాయి. "ఆ" అంటే ఆరిపోతాయి కూడా. నమ్మనివాళ్ళు తడి చొక్కా తెచ్చుకుని చూసుకోవచ్చు.

ఆవిడ పుట్టగానే పెట్టిన కేకకి నర్సు ఫైరింజను వచ్చిందనుకుని కిటికీలోంచి తొంగి చూసిందట. ఆనాటి నుంచీ అందరిదీ ఒకటే పాట. ఇంట్లో "ఆడపిల్లకి అంత గొంతేమిటే?" అన్నారు. బళ్ళో నోటి మీద వేలు వేయించి మూల నిలబెట్టారు. నిలబడీ నిలబడీ ఒకరోజు సంచీ భుజాన వేసుకుని బయటికొచ్చేసింది. బస్టాండులో బస్సులు పిలిచే పనిలో చేరింది. ఆవిడ పిలిస్తే బయల్దేరిపోయిన బస్సు కూడా వెనక్కొచ్చి బుద్ధిగా నిలబడేదని అక్కడి డ్రైవర్లు ఇప్పటికీ ఒట్టేసి చెబుతారు. పెళ్ళయ్యాక అత్తగారు "మెల్లిగా మాట్లాడమ్మా" అంటే, "వినపళ్ళేదత్తయ్యా, కాస్త గట్టిగా చెప్పండి" అన్న కోడలు ఆవిడే. తర్వాత పట్టుబట్టి చదువు ముగించి టీచరైంది. తన గదిలో మాత్రం పిల్లలెవరూ నోటి మీద వేలు వేసుకోకూడదని మొదటి రోజే చెప్పేసింది.

ఆ గదిలోకి ఒకరోజు అట్టపెట్టెల్లో ట్యాబులు దిగాయి. అక్షరం మీద వేలు పెడితే దాని శబ్దం వస్తుంది. బొమ్మలు లాగి పక్కపక్కన పేరిస్తే వాక్యం అవుతుంది. లోపల ఎవరో కంపెనీ అమ్మాయి గొంతు, తేనెలో ముంచి దూదిలో చుట్టినట్టు. "మ... మ... మామిడి. ఇప్పుడు నువ్వు చెప్పు చిన్నారీ" అనేది. పిల్లలు నాలుగు రోజులు మురిశారు. ఐదో రోజు నుంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని కమ్మగా నిద్రపోయారు.

నిద్రపోనిది ఒక్కతే, గుసగుస. అది ఆ పిల్లకి తరగతి పెట్టిన పేరు. ఏం కావాలన్నా వాళ్ళ మామ్మ చెవిలో గుసగుసలాడడమే తప్ప, బళ్ళో ఎవరూ దాని గొంతు వినలేదు. ట్యాబు "వినిపించలేదు, మళ్ళీ చెప్పు చిన్నారీ" అన్నప్పుడల్లా దాన్ని బోర్లా పెట్టేసి బిక్కమొహం వేసేది. హెడ్ మేడమ్ మామ్మని పిలిచి చెప్పేసింది: ఏడాది చివరికి నోరు తెరిచి నాలుగు ముక్కలు చెప్పకపోతే పై తరగతికి తీసుకోరు, వేరే బడి చూసుకోవాల్సిందే.

"ఇంట్లో బాగానే మాట్లాడుతుందమ్మా" అని మామ్మ కళ్ళు తుడుచుకుంది.

"మీరు బెంగెట్టుకోకండి మామ్మగారూ. దీనిచేత మాట్లాడించకపోతే ఈ గొంతు ఎవరికైనా దానమిచ్చేస్తా" అంది మైకు టీచరు. పుచ్చుకునే ధైర్యం ఎవరికుందో ఆలోచించలేదు.

ట్యాబులో ఒక మూల చిన్న మైకు బొమ్మ ఉంది. అది నొక్కితే కంపెనీ గొంతు స్థానంలో మన గొంతు ఎక్కించుకోవచ్చు. మైకు కనబడితే ఊరుకునే మనిషా ఆవిడ? స్టోరు గదిలో కూర్చుని, పిల్లల మీద ఓ కన్నుండాలని తలుపు ఓరగా తీసి పెట్టి, పాఠాలన్నీ ఎక్కించింది. మధ్యలో ఆపే మీట ఒకటుంటుందని ఆవిడకి తోచనే లేదు. బస్టాండు మైకుని ఎవరాపారు గనక!

మర్నాడు పిల్లలు "మ" నొక్కారు. "మ... మ... మామిడి! ఒరేయ్ బుడ్డోడా, ముక్కు తుడుచుకో!" అంది ట్యాబు. తరగతి మొత్తం ముక్కులు తుడుచుకుంది. వాక్యాల పాఠం నొక్కారు. "పిల్లి గోడ ఎక్కింది. ఎవర్రా ఆ కిటికీ ఎక్కింది? దిగు!" నిద్రపోయే తరగతి నిద్రలేచి కూర్చుంది. గుసగుస మాత్రం ఆ పాఠాన్నే పదేపదే నొక్కుతూ, పెదవులు కదుపుతూ కూర్చుంది. మైకు టీచరు ఊపిరి బిగబట్టి చూసింది. శబ్దం రాలేదు గానీ, ట్యాబు మాత్రం బోర్లా పడలేదు.

ఇంతలో ఇళ్ళ నుంచి ఫిర్యాదులొచ్చాయి. ఒక బుడ్డోడు మందుల షాపు బోర్డు మీద "మ" చూసి, అక్కడున్న డాక్టరుగారిని ముక్కు తుడుచుకోమన్నాడట. డాక్టరు తుడుచుకున్నారట కూడా. హెడ్ మేడమ్ కంపెనీ మనిషిని వెంటబెట్టుకుని గదిలోకొచ్చింది.

"మీ గొంతు తీసేసి కంపెనీ గొంతు పెడుతున్నారు. కాస్త పక్కకి జరగండి."

"జరగను మేడమ్." ట్యాబులు పెట్టే చార్జింగు బీరువాకి అడ్డంగా నిలబడింది టీచరు. "ఆ పిల్ల పెదవులు ఇప్పుడిప్పుడే కదుల్తున్నాయి. మళ్ళీ ఆ తేనె గొంతు పెడితే మూసేసుకుంటుంది."

"ఇది పాఠమా? తిట్ల దండకమా?"

"తిట్టు కాదండీ, పిలుపు. నా గొంతు తగ్గించమని మా అమ్మ చెప్పింది, హెడ్‌మాస్టరు చెప్పాడు, మా అత్తగారు చెప్పారు. ఎవరివల్లా కాలేదు. మీరూ ఓ చెయ్యి వేస్తానంటే వెయ్యండి."

"మీ ఉద్యోగం సంగతి ఆలోచించుకోండి!"

"బస్టాండు నన్నింకా మర్చిపోలేదు మేడమ్."

కంపెనీ మనిషి ఈ గొడవ నాకెందుకనుకుని, బీరువా పైన ఉన్న వైఫై డబ్బా అందుకోవడానికి పక్కనుంచి పిల్లల కుర్చీ ఎక్కాడు. డబ్బా ఆపి మళ్ళీ వేస్తే పాత గొంతు దానంతటదే వచ్చి కూర్చుంటుందట. వేలు మీట దాకా వెళ్ళింది.

"ఎవర్రా ఆ కుర్చీ ఎక్కింది? దిగు!"

అద్దాలు గలగలమన్నాయి. కంపెనీ మనిషి ఒక్క గెంతులో నేల మీదున్నాడు. హెడ్ మేడమ్ కోపంగా టీచరు వైపు తిరిగింది. టీచరు నోరు మూసుకునే ఉంది, జీవితంలో మొదటిసారి. ఇద్దరూ వెనక్కి చూశారు. గుసగుస లేచి నిలబడి, చూపుడు వేలు చాచి ఉంది.

ట్యాబులో ఉన్నది కిటికీ. కుర్చీ అన్నది ఆ పిల్ల సొంతం.

మైకు టీచరు బీరువా వదిలి ఆ పిల్ల దగ్గరికెళ్ళింది. "పెద్దవాళ్ళని దిగండి అనాలి తల్లీ."

"దిగండి!" అంది గుసగుస, ఇంకాస్త గట్టిగా.

"దిగానమ్మా, దిగేశాను" అన్నాడు కంపెనీ మనిషి, చొక్కా సర్దుకుంటూ.

హెడ్ మేడమ్ వచ్చి ఆ పిల్ల తల నిమిరింది. మెల్లిగా అంది: "సరే. ఆ గొంతు ఉండనివ్వండి. ఆ ముక్కు సంగతి మాత్రం తీసెయ్యండి టీచరుగారూ."

"తీసేస్తానండీ" అంది మైకు టీచరు, వీధి చివరిదాకా వినబడేట్టు. "ముక్కులు కారడం మానేసిన రోజున."