గట్టిగా ఉందని నేను చెప్పిన చెట్టు

కొన్నేళ్ళుగా ఒక చప్పుడును మోస్తున్నాను. చప్పుడుకు బరువేమిటని మీరు నవ్వవచ్చు. నేనూ మొదట్లో నవ్వుకున్నాను, నాలుగు రోజులు పోతే అదే పోతుందని. పోలేదు. కొట్లో కూర్చుని గిన్నె తట్టినప్పుడల్లా దాని వెనకాల అదే వినిపిస్తుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు కాబట్టి మీకు చెబుతున్నాను. నా పేరు మాత్రం అడగకండి.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒక చిన్న పట్టణం. పాతపట్నం బస్సులు మా ఊరి మీదుగానే పోతాయి. తాతల నాటి నుంచీ మాకు ఇత్తడి, కంచు సామాన్ల కొట్టుంది. గిన్నెను వేలి కణుపుతో తట్టి, కళ్ళు మూసుకుని, ఎక్కడ పగులుందో చెప్పగలను. ఈ చెవే నన్ను చెట్ల సంఘంలోకి తెచ్చింది.

సంఘమంటే పెద్దదేమీ కాదు. జీతం, భత్యం లేని కొందరం. ఊళ్ళో ఏ చెట్టు ఉంచాలి, ఏ కొమ్మ తీయాలి, ఎక్కడ ఏ మొక్క నాటాలి అని మున్సిపాలిటీ వాళ్ళకు సలహా చెబుతాం. వింటే విన్నట్టు, లేకపోతే లేదు. జనం మమ్మల్ని ‘సెట్ల డాక్టర్లు’ అని ఆటపట్టించేవారు. ఆ సంఘాన్ని నడిపేది నేను. ఇప్పటికీ నేనే.

మాకొక పద్ధతుంది. రోడ్ల పక్కనున్న పెద్ద చెట్లను ఏటేటా ఇద్దరిద్దరుగా వెళ్ళి పరీక్షిస్తాం. ఒకరు కంటితో చూస్తారు, వేరు దగ్గర్నుంచి చిటారు కొమ్మ దాకా. రెండో మనిషి చెక్క సుత్తితో మాను చుట్టూ కొట్టి వింటాడు. చూసేవాడు కొట్టకూడదు. కొట్టేవాడు కంటి సంగతి మాట్లాడకూడదు. ఒకరి అనుమానం రెండోవారికి అంటకూడదని నేనే పెట్టిన నియమం. చివర్లో ఎవరి మాట వారు చెబుతారు, ఆ మాటను రెండో మనిషి నమ్ముతాడు. నమ్మకమే ఆ పద్ధతికి ఇరుసు.

నా జంట రత్నం. బాప్టిస్టు చర్చి కుటుంబం. మిషన్ ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసి రిటైరయ్యాడు. ఎముకలో వెంట్రుకంత చీలికనైనా పట్టే కన్ను. చెవులు మాత్రం కొంచెం మందం. చుట్టరికం లేకపోయినా బావా అంటే బావా అనుకునేవాళ్ళం. ఆదివారం ప్రార్థన అయ్యాక ఆ తెల్లబట్టలతోనే వచ్చి, చెట్టు మొదట్లో బోర్లా పడుకుని వేళ్ళు చూసేవాడు. వాళ్ళావిడ నన్ను తిట్టేది, ఆ మరకలు ఎవరు ఉతుకుతారని.

అసలు సంగతికి వస్తాను. రావడం కష్టంగానే ఉంది.

చర్చి ఎదుట ఒక పెద్ద నిద్రగన్నేరు ఉండేది. దాని నీడలో జనం బస్సుల కోసం నిలబడేవారు. వేసవి వస్తే పైడమ్మ గంప దించి తాటిముంజలు కొట్టి అమ్మేది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఆ చెట్టు కొట్టేస్తామన్నారు. నేను అడ్డం పడ్డాను. మైకు పట్టుకుని, ఈ చెట్టు మన మనవలకు కూడా నీడనిస్తుందని చెప్పాను. రోడ్డు చెట్టును తప్పించుకుని అవతలికి జరిగింది. అటువైపు కొట్ల అరుగులు పోయాయి. అవన్నీ మావాళ్ళవే. మా మేనమామ అరుగూ పోయింది. “సెట్టు మీదున్న పేమ మావయ్య మీద లేదేట్రా?” అని ఆయన నలుగురిలో అడిగాడు. నేను నవ్వి ఊరుకున్నాను. ఆ సభలో నాకు శాలువా కప్పారు. అబద్ధమెందుకు, ఆ శాలువా నాకు చాలా నచ్చింది.

ఆ తర్వాతి పరీక్షలో ఆ చెట్టు దగ్గరికి వెళ్ళాం. రత్నం తన పని చేసుకుపోతున్నాడు. నేను సుత్తితో కొట్టాను. టక్, టక్. రోడ్డు వైపుకు వచ్చేసరికి చప్పుడు మారింది. ఖాళీ బిందెను తట్టినట్టు. గుల్ల. మళ్ళీ కొట్టాను, ఈసారి మెల్లగా. మెల్లగా కొడితే మాను మనసు మార్చుకుంటుందా? పైకి కొట్టుకుంటూ వెళ్ళాను. రోడ్డు మీదికి చాచిన పెద్ద కొమ్మ మొదలు దాకా అదే చప్పుడు. ఆ కొమ్మ కిందే పైడమ్మ గంప.

రత్నం లేచి మోకాళ్ళు దులుపుకుని, తన వరకు బాగానే ఉందన్నాడు. నా మాట కోసం చూశాడు.

నేను గట్టిగానే ఉందన్నాను.

ఎందుకన్నాను? అప్పుడు నాకు నేను చెప్పుకున్న కారణం పెద్దమనిషి కారణం. ఈ ఒక్కటీ పుచ్చని ఒప్పుకుంటే రేపు మిగతా చెట్లన్నిటికీ గొడ్డలి తెస్తారు, మా సలహా ఎవరూ వినరు అనుకున్నాను. అందులో నిజం లేకపోలేదు. కానీ సుత్తి చేతిలో ఉన్న ఆ క్షణంలో నా కళ్ళ ముందు మెదిలింది చెట్లు కావు, మా మావయ్య నవ్వు. మా అరుగులు తీయించి పుచ్చు మాను కాపాడావా అని బజారంతా నవ్వే నవ్వు. దానికి భయపడ్డాను. అంతే. పైగా చెట్టును కొట్టేయనక్కర్లేదని కూడా నాకు తెలుసు. ఆ ఒక్క కొమ్మ తీయించి, పైడమ్మను అవతలి పక్కన కూర్చోమంటే సరిపోయేది. అంత చిన్న మాట. అది కూడా నోట్లోంచి రాలేదు.

ఆ వేసవిలోనే ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. కొమ్మ విరిగి పైడమ్మ కుడి భుజం మీద పడింది. ప్రాణం దక్కింది. చెయ్యి మాత్రం మళ్ళీ పైకి లేవలేదు.

ఆసుపత్రి వరండాలో రత్నం నా పక్కన కూర్చున్నాడు. నా వైపు తిరిగి అడిగాడు.

“బావా, ఒక్క మాట సెప్పు. ఆ రోజు నువ్వు కొట్టినప్పుడు గుల్ల సప్పుడేటైనా ఇనిపించిందేటి?”

ఆ ప్రశ్న నాకు దేవుడిచ్చిన రెండో అవకాశం. దాన్నీ పాడుచేశాను.

“లేదురా. గట్టిగానే ఇనిపించింది.”

“అయితే నా కళ్ళేరా. సెట్టు ఏరు కాడ ఏదో ఉన్నాది, నాను సూడలేదు. నా వల్లే దాని సెయ్యి పోనాది.”

కాదురా అనలేకపోయాను. తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. మొదటి అబద్ధం భయంతో చెప్పాను, ఒప్పుకుంటాను. రెండోది? నిందను తీసి నా స్నేహితుడి నెత్తిన పెట్టి, వాడు దాన్ని సర్దుకుంటుంటే చూస్తూ కూర్చోవడాన్ని ఏమంటారు? నాకు మాట దొరకలేదు. మీకు దొరికితే అదే అనండి.

రత్నం సంఘం మానేశాడు. తన కన్ను ఇక నమ్మదగింది కాదన్నాడు. వాడు తల పైకెత్తి ఒక చెట్టు వంక చూడటం ఆ తర్వాత నేనెప్పుడూ చూడలేదు. వేసవి వస్తే పైడమ్మ పక్కన పీట వేసుకుని కూర్చుంటాడు. ఆమె బేరం చేస్తుంది, వాడు ముంజలు కొడతాడు. కత్తి పట్టడం ఇప్పటికీ సరిగా రాదు. పైడమ్మ వాడిని తిడుతుంది, వాడు తల వంచుకుని వింటాడు. చేయని తప్పుకు వాడు వేసుకున్న శిక్ష అది. ఆ కత్తి ఉండవలసింది నా చేతిలో.

మొన్న అటు వెళ్ళాను. రత్నం ఒక ముంజ ఒలిచి నా అరచేతిలో పెట్టాడు. “తినరా బావా, లేతది” అన్నాడు. వేలికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. నోట్లో వేసుకున్న ఆ ముంజ మింగలేకపోయాను, ఉమ్మలేకపోయాను.

వాడికి చెబుతానా? తెలీదు. చెబితే క్షమిస్తాడు. అక్కడికక్కడే, ఇంకో ముంజ ఒలుస్తూనే క్షమించేస్తాడు. అంత చవగ్గా అది నాకు దొరకకూడదు. అలాగని వాడి కళ్ళు వాడికి తిరిగివ్వకుండా నేను పోకూడదు కూడా. ఈ రెండింటి మధ్యే తిరుగుతున్నాను. ప్రస్తుతానికి మీ దగ్గర ఒక్క పని చేయగలను. వాడు ఆ వరండాలో అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పగలను. ఇంతవరకు పైకి అనని మాట. రాస్తుంటే గుండె కాస్త తెరిపిన పడింది.

ఇనిపించింది బావా. రెండుసార్లు కొట్టాను. రెండుసార్లూ ఇనిపించింది.