పెట్రోలు మూతకు పెట్టిన బొట్టు

ఒక్క వేలితో లారీని ఆపిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే కనీసం ఆమె రాసింది చదవండి. ఉంగరపు వేలు, దాని కొసన చిటికెడు కుంకుమ, అంతే. ఆ వేలు లారీని ఆపి ఊరుకుంటే నేనూ ఊరుకునేదాన్ని. ఒక మనిషి బతుకును కూడా ఆపబోయింది. అందుకే ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది, ముందు నామీద, ఆ వెంటనే మా నర్సింగం మామ మీద.

నిజాం మీద పోలీసు చర్య జరిగిన ఏడాది, దసరా రోజులవి. గొడవలతో నెలల తరబడి మూసుకుపోయిన దారులు అప్పుడప్పుడే తెరుచుకున్నాయి. మా చిన్నాయన, యుద్ధం అయ్యాక మిలటరీవాళ్లు వేలం వేసిన లారీ ఒకటి కొని, సీతాఫల్‌మండిలో మా ఇంటి ముందు ఏనుగును కట్టేసినట్టు నిలబెట్టుకున్నాడు. దసరా వెళ్లిన రెండు రోజులకు బెజవాడకు మొదటి లోడు. అన్నీ సీతాఫలాలే. వాటి సంగతి మీకు తెలుసు కదా! రాత్రి కాయ, పొద్దున పండు, సాయంత్రానికి పాయసం.

డ్రైవరు మస్తాన్ భాయి. ఆయన లారీతో మాట్లాడతాడు, లారీ ఆయనతో మాట్లాడుతుంది. నేను ఎవరితోనూ మాట్లాడను. మగవాళ్లు నలుగురుంటే నా గొంతు బావిలో పడ్డ చెంబవుతుంది. చెప్పదలచిందేదో తలుపు వెనక నుంచి చిన్నమ్మ చెవిలో వేస్తే, ఆమె దాన్ని వాకిట్లోకి చేరవేస్తుంది. అదీ మా ఇంటి టపా. కానీ చదవడానికి గొంతు అక్కర్లేదుగా! లారీతోపాటు వచ్చిన మోటారు పుస్తకాన్ని కూడా వంటింట్లో పప్పు మాడబెట్టుకుంటూ చదివేశాను.

ఆ పొద్దున మస్తాన్ భాయి లారీ ముందు నిలబడి ఇంజన్ హ్యాండిలు తిప్పాడు. లారీ గుర్రుమంది, దగ్గింది, చచ్చింది.

"ఏమైంది మస్తాన్?" అన్నాడు చిన్నాయన.

"ఇంజన్‌కు పెట్రోల్ అందుతలేదు సేటు."

"నిన్ననే గద టాంకి నిండ పోయించింది!"

"గదే పరేషాన్."

ఆయన పెట్రోలు వడకట్టే గాజు గిన్నె విప్పి తుడిచాడు. గొట్టం విప్పి నోటితో ఊదాడు. ట్యాంకు మూత తీసి కర్ర ముంచి చూశాడు. నిండా పెట్రోలే. మూత బిగించి మళ్లీ తిప్పగానే లారీ సింహంలా గర్జించి కదిలింది. మేమంతా దండాలు పెట్టాం. సందు చివర కల్లు దుకాణం దాకా పోయి ఆగింది. అక్కడ ఆగేవాళ్లు చాలామందే ఉన్నారు గానీ, వాళ్లకు కారణం ఉంటుంది. దీనికేం వచ్చింది?

మస్తాన్ భాయి మళ్లీ మూత తీశాడు, కర్ర ముంచాడు, మూత వేశాడు. లారీ మళ్లీ బతికింది. ఇంటివైపు తిప్పుకొచ్చాడు. సరిగ్గా మా గడప ముందు మళ్లీ చచ్చింది.

ఇక నా విద్వత్తు ఆగలేదు. తలుపు వెనక నుంచి చిన్నమ్మ చెవిలో ఊదాను. "పెట్రోల్ల నీళ్లో మట్టో కలిసిందేమో చిన్నమ్మా. పుస్తకంల ఉంది."

చిన్నమ్మ వాకిట్లోకి వినిపించింది. "పెట్రోల్ల ఏందో కలిసిందంటుంది రాజ్యం. బుక్కుల సుత రాసిందట!"

నర్సింగం మామ అరుగు మీంచి లేచాడు. ఈయన మా మేనత్త భర్త. గొడవల రోజుల్లో అటక దిగని మనిషి, మిలటరీ దిగిన మర్నాటి నుంచి వీరుడయ్యాడు.

"కలిసిందా, కలిపిండ్రా? గది జెప్పుండ్రి ముందుగాల!"

"ఎవరు కలుపుతరు బావా?" అన్నాడు చిన్నాయన.

"చక్కెర! పెట్రోల్ల చక్కెర పోస్తె ఇంజన్ ఖతం. బండి తాన ఎప్పుడూ ఉండేది ఎవలు?"

అందరూ మస్తాన్ భాయి వైపు చూశారు.

"చక్కెరనా?" అంది చిన్నమ్మ. "రేషన్ల చక్కెర దొరకక నేను బెల్లం చాయ్ తాగుతున్న. లారీకి చక్కెర పోసేటంత సిరి ఎవలికుందన్నా?"

"నీకెరుక లేదు చెల్లె. బుక్కుల రాసిందని పిల్లనే చెప్తుంటె! క్యాంపుల మిలటరోళ్లకు ఒక్క మాట చెప్పొస్త. ఇగ వాళ్లే చూసుకుంటరు."

చూశారా! నేను పంపింది నీళ్లు, మట్టి. వాకిట్లోకి చేరేసరికి అది చక్కెర అయింది, దానికి సాక్షిని నేను! ఆ నెలలో మస్తాన్ అనే పేరున్న మనిషి మీద అటువంటి ఒక్క మాట పడితే, పట్టుకుపోయినవాడు ఎప్పుడొస్తాడని అడిగేవాళ్లు కూడా ఉండరు.

"చిన్నప్పటి సంది ఈ ఇంటి ఉప్పు తిన్న సేటు," అన్నాడు మస్తాన్ భాయి. చిన్నాయన నేల చూశాడు. మామ చెప్పులు వేసుకున్నాడు.

అప్పుడు నా బుర్ర తిరిగింది. మూత తీసినప్పుడల్లా లారీ బతికింది. వేసినప్పుడల్లా కాస్త దూరం పోయి చచ్చింది. పెట్రోలులో మట్టి ఉంటే, మూత తీయగానే అది ఎక్కడికి పోతుంది?

నేను గడప దాటాను. మగవాళ్ల మధ్య నుంచి, నేను, నడిచాను! ట్యాంకు మూత పట్టుకుని తిప్పగానే, దప్పికతో ఉన్న మనిషి గాలి గుటకేసినట్టు "స్‌స్‌స్" అని లోపలికి లాగింది. మూతవైపు చూశాను. నా బొట్టు నావైపు చూసింది.

ఆయుధపూజనాడు లారీని సింగారించింది నేనే. ఇనుముకు పసుపు అంటడం లేదని తెలివిగా గంజి కలిపి మెత్తాను. మూత మీద చిన్న చిల్లి కనబడితే, బొట్టు కోసమే వదిలారు పాపం అనుకుని, అందులోకి కుంకుమ కూరి నొక్కాను. పెట్రోలు కిందికి దిగాలంటే పైనుంచి గాలి లోపలికి పోవాలనీ, ఆ చిల్లి అందుకేననీ అదే పుస్తకంలో బొమ్మతో సహా ఉంది. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నేను చదివితే లారీకి ఉన్న గతి పోయింది.

జడలోంచి పిన్ను లాగి చిల్లిలో పొడిచాను. ఎండిన కుంకుమ గుళికలా రాలింది. నా జన్మలో అంత పొడుగు మాట అదే మొదలు.

"చక్కెర లేదు, గిక్కెర లేదు! నేను పెట్టిన బొట్టే గాలికి అడ్డం పడ్డది. మస్తాన్ భాయి తప్పు ఏం లేదు. మామా, ముందుగాల చెప్పులిడువు!"

మస్తాన్ భాయి హ్యాండిలు తిప్పాడు. లారీ కల్లు దుకాణం దాటింది, పెద్ద రోడ్డు చుట్టి వచ్చింది, ఆగలేదు. ఇప్పుడు నన్ను మెచ్చుకుంటారని కదూ మీరనుకుంటున్నారు? నేనూ అనుకున్నాను.

"దేవుని బొట్టును పిన్నుతోని పొడిచినవా! లెంపలేసుకో!" అంది చిన్నమ్మ.

"పూజ జేస్తె బండి ఆగుడేందే, బుద్ధుందా?" అన్నాడు మామ. "దిష్టి! గిన్ని సీతాఫలాలు వాకిట్ల వెట్టుకుంటె తగలదా? కొబ్బరికాయ కొట్టుండ్రి."

"ఔ, దిష్టే," అన్నాడు చిన్నాయన, ఊపిరి పీల్చుకుంటూ.

"మరి చక్కెర మామా?" అన్నాను.

"ఏం చక్కెర?" అన్నాడు మామ.

చూడండి అన్యాయం! నిజం కనిపెట్టిన నేను లెంపలేసుకున్నాను. దిష్టికి కొబ్బరికాయ కొట్టారు. కొట్టింది మస్తాన్ భాయే. ఇందాకటి నేరస్తుడు ఒక్క దెబ్బకు నిర్దోషి అయ్యాడు.

బయల్దేరే ముందు ఆయన మంచినీళ్లకు గడప దగ్గరికి వస్తే, చెంబు ఇస్తూ అడిగాను. "లారీని రోజు తుడుస్తవు గద మస్తాన్ భాయ్. మూత మీద గంత పసుపు గడ్డగడితె తుడువకపోతివి?"

"రోజు మొదలు మూతనే తుడుస్త బిడ్డా. దసర సంది తుడుస్తలేను."

"ఎందుకు?"

"దేవుని పసుపు. చెయ్యి నాది. తుడుస్తుంటె ఎవలన్న జూస్తె ఏమనుకుందురో. జమాన జెర బాగలేదు గద."

చెంబు ఖాళీ చేసి, తిరిగి నా చేతికిచ్చి వెళ్లి లారీ ఎక్కాడు.

కాబట్టి పాఠకులారా, అగ్నిసాక్షిగా అందామంటే పక్కనే పెట్రోలు ఉంది కనుక, వాకిట్లో పగిలిన ఆ కొబ్బరి చిప్పల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఊపిరాడే చిల్లి ఎవరిదైనా సరే, దాని మీద ఇక బొట్టు పెట్టను. సగం తెలిసిన మాటను తలుపు వెనక నుంచి వాకిట్లోకి పంపను. తప్పనిసరై పంపవలసి వస్తే, మామ చెప్పులు వేసుకునేలోగా దాని వెనకే నేనూ గడప దాటుతాను.