పెరీన్ తల్లి ఎవరు?

మా పెదనాన్న ఎల్జేయార్ ఎవరు కనబడినా "బాగున్నారా" అని అడగడు. "మీ అమ్మమ్మ పుట్టింటి పేరేమిటి?" అని అడుగుతాడు. బాగున్నవాడినీ అడుగుతాడు, జ్వరంతో మూలుగుతున్నవాడినీ అడుగుతాడు, శవం పక్కన కూచుని ఏడుస్తున్నవాళ్ళనీ అడుగుతాడు. వాళ్ళు ఏడుపు ఆపి జవాబు చెబుతారు. చెప్పకపోతే వదలడని మా క్వెబెక్‌లో ఈ నది ఒడ్డున అందరికీ తెలుసు.

ఇదంతా పెరీన్ కోసం. పెరీన్ గుర్డో మూడు వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సు రాజుగారు ఇక్కడి బ్రహ్మచారుల కోసం ఓడలో పంపిన పెళ్ళికూతుళ్ళలో ఒకతె. మా ఊళ్ళో దిగింది, ఒక రైతుని కట్టుకుంది, డజనుకి పైగా పిల్లల్ని కంది. ఆ పిల్లలూ ఊరుకోలేదు. దాంతో ఇప్పుడు ఏ తలుపు తట్టినా పెరీన్ సంతానమే. అంతవరకూ అందరూ ఒప్పుకున్నదే. మరి ఆ పెరీన్ తల్లి ఎవరు? అదీ పెదనాన్న బెంగ.

"ఆ ఒక్క ముడీ విడిపోతే చాలురా, హాయిగా కన్నుమూస్తా" అనేవాడు.

ముడి విడలేదు, ఆయన కన్నూ మూయలేదు. నిద్ర లేనిది నాకే. ఎందుకంటే ఆయనకి కారు నడపడం రాదు, నాకు వచ్చు. వారమంతా పాల లారీ నడిపి, నడుం విరిగి ఆదివారం మంచం మీద వాలానో లేదో, గుమ్మంలో ఆయన టోపీ ప్రత్యక్షమయ్యేది.

"ఒరేయ్ లియోపోల్, లేవరా. కొత్త సంగతి తెలిసింది."

"పోయిన వారం కూడా ఇదే అన్నావు పెదనాన్నా."

"అది పాత సంగతి అయిపోయిందిగా మరి!"

మా చెల్లెలు ఇర్మా పెళ్ళి విందులో ఆయన లేచి గ్లాసెత్తితే దీవిస్తాడనుకున్నాం. వధూవరులిద్దరూ పెరీన్‌కి ఎన్ని దారుల్లో మనవలవుతారో చెప్పడం మొదలుపెట్టాడు. నాలుగో దారి దగ్గర వడ్డించిన మాంసం చల్లారిపోయింది. ఆరో దారి దగ్గర పెళ్ళికొడుకు తల్లి తట్టుకోలేక, "ఇంతకీ వీళ్ళకి పెళ్ళి చెయ్యొచ్చా, కూడదా?" అని అరిచింది.

"చేసేశారుగా" అన్నాడు పెదనాన్న. "ఏడోది వినండి."

ఒకసారి వేగంగా పోతున్నానని పోలీసు ఆపాడు. నేను నోరు తెరిచేలోగా ఈయన కిటికీ దించి ఆ పోలీసు అమ్మమ్మ పుట్టింటి పేరు రాబట్టాడు. కాసేపటికి ఇద్దరూ రోడ్డు మీద నిలబడి కౌగిలించుకున్నారు. జరిమానా మాత్రం నాకు పడింది.

"నేనూ చుట్టాన్నే కదండీ!" అన్నాను.

"అందుకే చనువుగా వేస్తున్నా" అన్నాడు పోలీసు.

ఈ సంగతుల కోసం ఇల్లిల్లూ తిరిగినా, అన్నిటికన్నా ఎక్కువగా మేం వెళ్ళింది ఎమెరాన్స్ గారింటికి. ఆవిడ పాత ఫాదరు గారి దగ్గర జీవితమంతా వంటమనిషిగా చేసి, ఆయన పోయాక ఊరి చివర ఒక చిన్న ఇంట్లో ఒక్కతే ఉండేది. పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. కావలసినంత రోషం మాత్రం ఉంది.

ఇలా అయితే నా ప్రాణం పోవడం ఖాయమనిపించి, ఒకరోజు లారీతో పట్నం వెళ్ళినప్పుడు, పాత చర్చి రికార్డులన్నీ ఉండే బిషప్పు గారి ఆఫీసులో దిగాను. అక్కడి ముసలి సిస్టరు నేను అడగడమే ఆలస్యం, తల ఎత్తకుండానే చెప్పేసింది.

"పెరీన్ గుర్డోనా? తల్లి పేరు నికోల్. ఫ్రాన్సులో రువాన్ అనే ఊళ్ళో టోపీలు కుట్టేవాడి భార్య."

"ఎప్పుడు తెలిసిందండీ?"

"ఎన్నో ఏళ్ళయింది నాయనా. ఎల్జేయార్ అని ఒకాయన కనిపెట్టి మాకు చెప్పాడు. పోతూ పోతూ మా అమ్మమ్మ పుట్టింటి పేరు కూడా అడిగాడు."

ఆ ఆదివారం వానలో, బురదలో, కోపంగా బండి నడిపాను. ఎమెరాన్స్ గారి గేటు ముందు ఆపి, "పెరీన్ తల్లి పేరు నికోల్!" అన్నాను.

"మెల్లిగా చెప్పి చావరా, లోపలికి వినబడుతుంది!" అన్నాడు పెదనాన్న కంగారుగా.

"నీకు తెలిసీ ఇన్నేళ్ళు నన్నెందుకు తిప్పావు?"

ఆయన టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఊరికే చూడ్డానికొచ్చానంటే ఆవిడ తలుపు తియ్యదురా. జాలిపడుతున్నావా అంటుంది. మీ సాయం కావాలంటే మాత్రం కుర్చీ వేస్తుంది. ఆవిడ చెప్పేవన్నీ అబద్ధాలేలే. కానీ ఎంత బాగుంటాయో!"

ఆలోచిస్తే, మేం ఆదివారాలు వెళ్ళిన ఇళ్ళన్నిట్లోనూ బల్ల మీద ఒక్క కప్పే ఉండేది. మేం వచ్చాకే మిగతావి అలమరలోంచి దిగేవి.

లోపల బఠాణీ సూప్, చక్కెర కూరి కాల్చిన 'పై' రొట్టె సిద్ధంగా ఉన్నాయి.

"ఎల్జేయార్ గారూ, ఇప్పుడు గుర్తొచ్చింది. పెరీన్ తల్లి ఓడదొంగ కూతురని మా నాయనమ్మ అనేది" అంది ఎమెరాన్స్ గారు.

"ఓడదొంగా! పోయినసారి మఠం నుంచి పారిపోయిన సన్యాసిని అన్నారే?"

"అది తండ్రి వైపు."

"ఓహో, తండ్రి వైపు!" అన్నాడాయన, కళ్ళు మిలమిలలాడిస్తూ.

ఖాళీ పళ్ళేలు వంటింట్లో పెట్టబోతే ఆవిడ నా వెనకే వచ్చి తలుపు మూసింది.

"అబ్బాయ్, నికోల్ సంగతి నీకెప్పుడైనా తెలిస్తే ఆయన ముందు అనకు."

"మీకూ తెలుసా?"

"పాత ఫాదరు గారికి బిషప్పు గారి ఆఫీసు కబుర్లన్నీ చేరేవి. సూప్ వడ్డిస్తూ నేనూ వినేదాన్ని. ఎవరు కనిపెట్టారో మాత్రం తెలీదు. పెళ్ళాం పోయాక మీ పెదనాన్నకి ఈ వెతుకులాట తప్ప ఏముంది చెప్పు? అది తీరిపోతే మనిషి కుంగిపోడూ? అందుకే వచ్చినప్పుడల్లా ఒక అబద్ధం వండుతున్నా. పాపమే. చర్చిలో పాపాలు ఒప్పుకునేటప్పుడు ఇదీ చెప్పుకుంటూనే ఉన్నా."

"కొత్త ఫాదరు ఏమంటారు?"

"ఈసారి ఏం చెప్పబోతున్నారని అడుగుతాడు."

ఇద్దరికీ నిజం చెప్పేసి, ఇంటికెళ్ళి పడుకుందామని ఒక్క క్షణం అనిపించింది. దానికి బదులు బల్ల దగ్గరికెళ్ళి ఇంకో ముక్క 'పై' తిన్నాను.

బయల్దేరుతుంటే ఆవిడ గుమ్మంలో నిలబడి, "అన్నట్టు, పెరీన్‌కి ఒక పిన్ని ఉండేదట. అది ఈ పూట తెమిలే కథ కాదు" అంది.

"పిన్నా!" అని పెదనాన్న నావైపు తిరిగాడు.

నడుం పట్టేసింది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

"వచ్చే ఆదివారం ఎన్నింటికి రమ్మంటారండీ?" అని నేనే అడిగాను.