గుర్రం ఎత్తిన కాలు

మా అల్లుడు ఢిల్లీబాబు రేణిగుంట గోడౌన్లో మూటలు మోసే మనిషి. చదువు నాకంటే రెండు తరగతులు ఎక్కువ. తెలివి కూడా ఎక్కువని మాత్రం నేను చెప్పను. కానీ మొహం చూస్తే ఎవరైనా ఆగాల్సిందే. వెడల్పు నుదురు, కోరమీసం. మా ఏర్పేడు కూడలిలో పాతకాలపు పాలెగాడి విగ్రహం పెట్టాలని పెద్దమనుషులు అనుకున్నప్పుడు, ఆ పాలెగాడు ఎలా ఉండేవాడో చెప్పేవాళ్ళే లేరు. శ్రీకాళహస్తి నుంచి వచ్చిన సిమెంటు బొమ్మల మేస్త్రీ యోగానంద మా అల్లుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని, గుర్రమెక్కిన పాలెగాడికి ఆ మొహమే దించేశాడు.

దారిన పోయే కార్లన్నీ అక్కడ ఆగుతాయి, జనం ఫొటోలు దిగుతారు. మా అల్లుడు కూడా వచ్చేపోయే వాళ్ళకు చూపించుకుని మురిసేవాడు. అంతలో ఫోన్లో ఒక వీడియో వచ్చింది. విగ్రహాల్లో రహస్య గుర్తులు ఉంటాయట. గుర్రం నాలుగు కాళ్ళూ నేలమీద ఉంటే రౌతుది మామూలు చావు, ఒక కాలు లేస్తే గాయం ముదిరి చచ్చినట్టు, రెండు లేస్తే యుద్ధంలో పోయినట్టు. మన గుర్రానికి ఒక కాలు గాల్లో ఉంది.

"అది ఎప్పుడో పోయిన పాలెగాడి సంగతి, నీకేంది?" అని నా కూతురు కోమలి నవ్వింది.

"మొగం నాదే కదా," అన్నాడు ఢిల్లీబాబు. అతను నవ్వలేదు.

ఆ వారమే గోడౌన్లో అతని పాదంలో మేకు దిగింది. షుగరున్న ఒళ్ళు, పుండు మానలేదు. బొటనవేలు నల్లబడింది. ఆసుపత్రికి రమ్మంటే మంచం దిగలేదు.

"గుర్రం కాలెత్తి చెప్తా ఉంటే డాక్టరు ఆపతాడా అత్తా? పోయేదేదో ఇంటికాడే పోతా. నన్ను కొయ్యనియ్యను."

కోమలి అన్నం పళ్ళెం అందించేటప్పుడు ముందు అతని పాదం చూసేది, తర్వాతే మొహం చూసేది. నేను ఎవరికీ బెదిరే దాన్ని కాను. కానీ వాకిట్లోకి రాగానే ఆ పుండు వాసన తగిలిన రోజు నాకూ భయం పట్టుకుంది.

యోగానందను ఇంటికి పట్టుకొచ్చాను. "నీ నోటితో నువ్వే చెప్పు," అన్నాను.

"దాంట్లో ఏ గుర్తూ లేదబ్బా. కాలు లేపకపోతే గాడిద మాదిరి ఉంటుందని నేనే లేపినా," అన్నాడు అతను.

"నువ్వే లేపినావని నువ్వు అనుకుంటా ఉండావన్నా. నీ చేత ఎవరు లేపించినారో నీకేం తెలుసు?" అన్నాడు ఢిల్లీబాబు.

 యోగానంద తన చేతుల వంక చూసుకున్నాడు. చేసినవాడికే అనుమానం పట్టుకున్నదని నాకు అర్థమైంది. అతన్ని బయటికి తీసుకెళ్ళి, "ఆ కాలు దించెయ్," అన్నాను.

"లోపల ఇనప కమ్మీ ఉండాది. దించితే గుర్రమే ఇరిగిపోతుందమ్మా."

"అయితే నేలనే పైకి తే. అది కూడా నేనే చెప్పాల్నా?"

మరునాడు అతను ఇటుకలు పేర్చి, సిమెంటు పూసి, డెక్క కింద బండరాయి లాంటిది కట్టాడు. ఢిల్లీబాబును ఆటోలో వేసుకుని పోయి చూపించాం. చాలాసేపు చూశాడు.

"నాలుగూ ఆనినాయి," అన్నాడు.

"ఆనినాయి కదా, ఇంక గమ్మున కూర్చో," అని ఆటోను అటునుంచి అటే తిరుపతి పెద్దాసుపత్రికి పోనిచ్చాను. రెండు వేళ్ళు తీసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే పాదమే పోయేదట.

అతను ఆసుపత్రిలో కోలుకుంటుండగా, నేను ఇంటికి వెళ్ళే బస్సులో ఒకామె పక్కామెతో చెబుతోంది: "గుర్రం కింద కొత్తగా రాయి పుట్టిందంట. డెక్క ఆనిన చోటే పాలెగాడి నిధి ఉండాదంట. ఫోన్లో వచ్చింది." నాకు నవ్వు రాలేదు.

అతన్ని ఇంటికి పంపే రోజు ఉదయం ఆసుపత్రికి పోతూ కూడలిలో చూశాను. ఎవరో సమ్మెటతో రాయిని ముక్కలు చేశారు, కింద మట్టి కూడా తవ్వారు. డెక్క మళ్ళీ గాల్లో ఉంది. యోగానందకు ఫోన్ చేశాను.

"నేను రానమ్మా, ఆ గుర్రాన్ని ఇంక తాకను. నాకూ పిల్లోళ్ళుండారు," అని పెట్టేశాడు.

తిరుగు ప్రయాణంలో నేను ఆటో అతని పక్కన కూర్చుని, "లోపలి దారిన పో," అన్నాను.

"అన్నీ గుంతలమ్మా. ఆయన కాలు అదురుతుంది."

"అదిరితే అదరనీ. నువ్వు పో."

కోమలి నా మొహం చూసింది. భర్త చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఇట్లా ఎందుకు అత్తా?" అన్నాడు ఢిల్లీబాబు. "కూడలి మీద పోదాం. ఒకసారి సూసుకుంటే ధైర్యంగా ఉంటాది."

"రేపు సూద్దువులే."

"సరే," అన్నాడు సంతోషంగా. "రేపు నేనే మెల్లగా నడిసిపోతాలే."