మింగని ఎనిమిది రోజులు

నాట్ల కాలం. బూర్గంపాడు దగ్గరి క్యాంపులో మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఉండగా మధ్యాహ్నం వేళ ఒక్కసారిగా చలి మొదలైంది. వేలు గుచ్చి నా రక్తాన్ని నేనే స్లైడ్ మీద పరిచి చూశాను. వైవాక్స్ మలేరియా. రెండేళ్లుగా అడవి పల్లెల్లో నేను పరిశోధన చేస్తున్నది దాని మీదే.

భద్రాచలం దవాఖానాలో డాక్టర్ గారు మూడు రోజులు క్లోరోక్విన్, పద్నాలుగు రోజులు ప్రైమాక్విన్ మాత్రలు రాశారు. "జ్వరం తగ్గిందని ఆపకు. లివర్‌ల దాక్కున్నది మళ్లా లేస్తది" అన్నారు. ఈ మాట నేను రోజూ ఊళ్లలో చెప్పేదే.

నాలుగో రోజుకు జ్వరం పోయింది. పొద్దున్నే పరగడుపున ప్రైమాక్విన్ వేసుకుని ఊళ్లకు బయలుదేరేవాణ్ని. కడుపులో ఒకటే మంట. ఆరో రోజు తర్వాత మానేశాను. మిగిలిన ఎనిమిది రోజుల మందు బ్యాగు అడుగున ఉండిపోయింది.

రెండు నెలలకు మళ్లీ అదే చలి, స్లైడ్‌లో అదే క్రిమి. కోర్సు పూర్తి చేశావా అని డాక్టర్ గారు అడిగితే చేశానన్నాను. సంగతి విని మా ప్రొఫెసర్ ఫోన్‌లో ఉత్సాహపడ్డారు. పూర్తి కోర్సుకు లొంగని వైవాక్స్ అయితే పేపర్ రాయవలసిన విషయమని, వెంటనే శాంపిల్ పంపమని చెప్పారు.

రక్తం ట్యూబులో పట్టాను. శాంపిల్‌తో పంపే ఫారంలో 'మందు మింగిన రోజులు' అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. నాకు జ్వరం రాకముందు, నేనే ఇంటికి వెళ్లి ఇవే మాత్రలు ఇచ్చిన ముత్తమ్మ అనే కోయ కూలీ ఫారంలో అదే గడిలో 'ఐదు' అని రాశాను. మాట వినని పేషెంట్ అని ఆమెను స్టడీ నుంచి కొట్టేశాను. ఎందుకు ఆపిందో అడగలేదు.

'ఆరు' అని రాసి, వెళ్లి డాక్టర్ గారికి నిజం చెప్పాను. "మందు ఓడిపోలే బాబూ. నువ్వు మింగలే. గంతే" అన్నారు. ప్రొఫెసర్‌కూ ఫోన్ చేసి అదే చెప్పాను.

కోర్సు మొదటి నుంచి మొదలుపెట్టి ముత్తమ్మ ఇంటికి వెళ్లాను. ఆమెకూ జ్వరం రెండుసార్లు తిరగబెట్టిందట. ఎందుకు ఆపావని అప్పుడు అడిగాను.

"నాట్లకు పోకముందే వస్తివి. గంజి తాగనియ్యక మింగిపిస్తివి. రోజూ గిట్లనే పొద్దుగాల మింగమంటివి. కడుపుల మంట లేసింది సారూ, ఆపిన. ఆపిన అని నీకు చెప్పిన గద" అంది.

చెప్పింది. నేనే నా డాక్టర్‌కు అడిగినప్పుడు చెప్పలేదు.

ఇప్పుడు ఇద్దరం బాగున్నాం. ముత్తమ్మ గంజి తాగాకే మాత్రలు వేసుకుంటూ పద్నాలుగు రోజులూ పూర్తి చేసింది. మా ఫారంలో 'ఎందుకు ఆపారు' అన్న గడి కొత్తగా చేరింది. ఈ మాత్రలు ఏదైనా తిన్నాకే వేసుకోండి. మధ్యలో మానేస్తే ఎన్నో రోజున మానేశారో డాక్టర్‌కు ఉన్నదున్నట్టు చెప్పండి, ముత్తమ్మ నాకు చెప్పినట్టు.