బాబు సాహెబ్ ఎంబసీ

పుంగనూరు బజారులో బాబు సాహెబ్ కుట్టుమిషను ముందు ఒక బల్ల ఉండేది. రవికలు, చొక్కాలు కుట్టించుకునేవాళ్లు దాని మీద దర్జాగా కూర్చోవచ్చు. రంగూను పని మీద వచ్చినవాళ్లు మాత్రం కూర్చోకూడదు, బయట ఎండలో నిలబడాలి. అంగట్లో ఈగ తప్ప ఇంకో ప్రాణి లేకపోయినా సరే, నిలబడాల్సిందే.

"ఎంబసీ అంటే కాచుకోవాలప్పా. వచ్చీ రాగానే పని అయిపోతే అది ఎంబసీ ఎట్లయితాది?" అనేవాడు ఆయన, సూదిలో దారం ఎక్కిస్తూ.

ఈ జ్ఞానం ఆయనకు ఊరికే రాలేదండోయ్. యుద్ధానికి ముందు రంగూనులో, అక్కడున్న మనవాళ్ల మంచిచెడ్డలు చూసే సర్కారు ఏజెంటు కచేరీలో బిళ్ల బంట్రోతుగా చేశాడు. దొరగారి గదిలోకి నిండు కప్పుతో వెళ్లి ఖాళీ కప్పుతో బయటికి రావడం తప్ప ఆయన నడిపిన రాజకార్యం ఏదీ లేదు. అయితేనేం! తలుపు దగ్గర నిలబడి ఎంతమందిని ఆపాడు, ఎంతమందిని లోపలికి పంపాడు! బాంబులు పడ్డాక ఆ జనంతో పాటే అడవులు పట్టి నడిచి ఇల్లు చేరాడు. బట్టలు చిరిగాయి, చెప్పులు పోయాయి, నడుముకున్న బిళ్ల మాత్రం ఊడలేదు.

స్వరాజ్యం వచ్చి, రంగూనులో మన సొంత ఎంబసీ పెట్టారని తెలిశాక ఇంక ఆయనను పట్టేవాళ్లు లేకపోయారు. "ఆడ ఎంబసీ, ఈడ నేను" అని ప్రకటించేశాడు. బర్మాలో తమ మనుషులు ఇరుక్కుపోయినవాళ్లంతా చౌడేపల్లె నుంచి, సోమల నుంచి ఆయన అంగడికి రావడం మొదలుపెట్టారు. ఈయన చెబుతాడు, పోస్టాఫీసు అరుగు మీద కూర్చునే మునస్వామి ఇంగ్లీషులో రాస్తాడు, అర్జీ రంగూనుకు పోతుంది. తిరిగొచ్చినవాళ్లను చూడటానికి కుప్పం స్టేషను దాకా కూడా పోయేవాడు. మద్రాసు రైలు దిగినవాళ్లకు బిళ్ల కనబడేట్టు నిలబడి సలాం కొట్టేవాడు. వాళ్లు ఆయనను టిక్కెట్లు అడిగేవాడనుకుని జేబులు తడుముకునేవాళ్లు.

"మీ ఎంబసీకి దండం పెడతా జీ, పెళ్లివాళ్ల షేర్వానీ ఎప్పుడు కుడతారు?" అని ఆయన భార్య జుబేదా నెత్తి కొట్టుకునేది.

"షేర్వానీ ఎవడైనా కుడతాడు జుబేదా," అనేవాడు ఆయన. షేర్వానీ అట్లాగే ఉండేది.

ఇట్లా వచ్చిన కేసుల్లో పాపమ్మది ఒకటి. చౌడేపల్లె పక్క పల్లె ఆమెది. మొగుడు దాసప్ప యుద్ధానికి ముందు రంగూను రేవులో మూటలు మోయడానికి పోయాడు. బాంబుల తర్వాత జాడ లేదు. చచ్చాడో బతికాడో తెలియదు. ఈమధ్యనే రంగూను నుంచి తిరిగొచ్చిన సోమల వెంకటముని, దాసప్ప బతికే ఉన్నాడనీ, దిక్కులేనివాళ్ల షెడ్డులో పడి ఉన్నాడనీ చెప్పాడు. ఎంబసీవాళ్లు అట్లాంటివాళ్లను సర్కారు ఖర్చుతో ఓడ ఎక్కించి పంపుతున్నారు. కాకపోతే ఇక్కడ ఎవరో ఒకరు "మావాడే, మేం చూసుకుంటాం" అనాలి. అనకపోతే ఆ షెడ్డే గతి.

వెంకటముని ఇంకో మాట కూడా చెప్పాడు, బాబు సాహెబ్‌కు ఒక్కడికే. రేవులో బాంబు పడి దాసప్పకు కుడికాలు మోకాలి పైదాకా పోయిందట. ఈ కాలితో పెళ్లానికి ఏం మొగం చూపించేది అని ఇన్నేళ్లూ జాబు కూడా రాయలేదట.

రోజంతా వాగే బాబు సాహెబ్‌కు ఆ మాట దగ్గర నోరు పడిపోయింది. పాపమ్మ వచ్చిన ప్రతిసారీ చెబుదామనుకునేవాడు. తీరా "అర్జీ పోయిండాది తల్లీ, ఇంగ భయం లేదు" అని పంపేసేవాడు. కాలు లేదని తెలిస్తే ఆమె వద్దంటుందేమోనని ఆయనకు లోలోపల బెదురు. కూలికి పోయి ఇద్దరు పిల్లల్ని సాకుతున్న మనిషి, ఇంకో నోటిని ఎట్లా మోస్తుంది?

అంత పెద్ద రాయబారి మరిచిన సంగతి ఒకటుంది. అర్జీ దొర మేజాబల్ల ఎక్కేదాకానే ఆయనకు తెలుసు. ఆ తర్వాత అది ఎక్కడెక్కడ తిరుగుతుందో ఆయన ఎప్పుడు చూశాడు గనుక! ఎంబసీవాళ్లు విచారించమని మద్రాసుకు రాశారు. మద్రాసువాళ్లు చిత్తూరుకు, చిత్తూరువాళ్లు మదనపల్లె కచేరీకి రాశారు. మదనపల్లెవాళ్లు ఆ కాగితాన్ని రెవెన్యూ ఇన్స్పెక్టరు గోవిందప్ప చేతిలో పెట్టారు.

గోవిందప్ప! యుద్ధకాలంలో ఇల్లిల్లూ తిరిగి కుండల్లో చేతులు పెట్టి లెవీ ధాన్యం తోలుకుపోయిన గోవిందప్ప! ఆయన సైకిలు గంట వినబడితే పాపమ్మ పల్లెలో కోళ్లు కూడా గంపల కింద దూరేవి. సర్కారు మనిషి వచ్చి ఫలానావాడు ఉన్నాడా అంటే లేడని చెప్పడం ఆ ఊరి ఆచారం. అది అబద్ధం కింద లెక్కకు రాదు, ఇరుగుపొరుగు ధర్మం.

పుంగనూరు వచ్చి, కోటుకు గుండీ కుట్టించుకుంటూ గోవిందప్ప తాపీగా చెప్పాడు. "ఏం సాయిబూ, ఎవడికోసమయ్యా నీ అర్జీ? దాసప్ప అనేవాడు ఆ ఊళ్లో పుట్టనే లేదట."

సూది బాబు సాహెబ్ వేలిలో దిగింది. "యా అల్లా! ఆయన అక్క రామక్క ఉండాది గదా సార్?"

"ఆమెకు తమ్ముళ్లే లేరట."

"పెండ్లాం? పాపమ్మ?"

"ఆమెకు అసలు పెళ్లే కాలేదట. తాళి కొంగు కింద దాచిపెట్టుకుని మరీ చెప్పింది. ఇద్దరు పిల్లలు అమ్మా అని పక్కనే వేలాడుతున్నారు. రేపు రిపోర్టు పంపేస్తున్నా."

బాబు సాహెబ్ ఆయన కోటు వదల్లేదు. ఒక్క పూట ఆగమన్నాడు, ఇంకోసారి దయచేయమన్నాడు, గెడ్డం పట్టుకున్నంత పని చేశాడు. గుండీ ఊడిన కోటుతో ఎక్కడికీ పోలేక గోవిందప్ప సరేనన్నాడు. అప్పటికప్పుడు బాబు సాహెబ్ బండి కట్టించుకుని పల్లెకు పోయి ఊరందరి మీదా అరిచాడు.

"ఎంత పని జేస్తిరప్పా! మనిషిని మీరే సంపేస్తిరి గదా!"

"లెవీ గోవిందప్ప అడిగితే మేమేం జెప్పేది సాయిబన్నా?" అంది పాపమ్మ, ఏడుపు మొహంతో. "ఆడ ఏం తప్పు జేసినాడో, పట్టుకోని పోయేకి వచ్చినారేమో అనుకుంటిమి. ఓడ ఎక్కించేవోళ్ల కాయితం ఈయప్ప దగ్గిర యాల ఉంటాది?"

"రేపు వస్తాడు. దాసప్ప మావాడే అని గట్టిగా చెప్పండి. తెలిసిందా?"

తెలిసింది. మరీ ఎక్కువ తెలిసింది.

మర్నాడు గోవిందప్ప సైకిలు దిగీ దిగకముందే ఊరు ఊరంతా మీద పడింది. దాసప్ప మా తమ్ముడన్నాడొకడు. మా అన్న అన్నాడు ఇంకొకడు. నా కడుపున పుట్టిన కొడుకని ఒక ముసలమ్మ గుండెలు బాదుకుంది. సొంత అక్క రామక్కకు లోపలికి దూరే సందు దొరక్క వెనక నిలబడి నిజంగా ఏడుస్తూ ఉంది.

"మొన్న పుట్టనే లేదంటిరి. ఈరోజు ఊరంతా కన్నామంటారు. దేన్ని రాయమంటారయ్యా?" గోవిందప్ప మొహం ఎర్రబడింది. "ఏమ్మా, నీకు పెళ్లి కాలేదంటివే?"

పాపమ్మ తాళి బయటికి తీసి పట్టుకుని, "మొన్న కాలేదు సామీ. ఈ పొద్దు అయిండాది" అంది వణుకుతూ.

గోవిందప్ప కాగితాలు మడిచేశాడు. రాత్రికి పల్లెలోనే ఆగిపోయిన బాబు సాహెబ్ నెత్తి పట్టుకున్నాడు. అయిపోయింది, ఇంక దాసప్పకు ఆ షెడ్డే.

అప్పుడు పక్కింటి మునిరాజు పరిస్థితి చక్కబెడదామని ముందుకొచ్చాడు. "దాసప్ప దేవుడు సామీ! పెండ్లాన్ని పూవుల్లో పెట్టి చూసుకున్నోడు. ఆయమ్మను ఒక్క రోజన్నా కష్టపెట్టి ఎరగడు."

పాపమ్మ తల పైకెత్తింది.

"ఎవురు? ఆయప్పా? దేవుడా?" అంది. వణుకు ఎటు పోయిందో పోయింది. "చెనిక్కాయలు పీకేకి మనిషి లేక నేను అల్లాడతా ఉంటే, ఎద్దుకు తవుడు తెస్తానని పోయి రంగూనులో తేలినాడు సామీ! తవుడుకు! ఆ ఎద్దు గూడా ఆయప్పను నమ్ముకోని వాకిలి తట్టు చూసి చూసి ముసిలిదైపోయె. మాయమ్మ ఇంటికొస్తే కడుపునొప్పని పండుకుంటాడు. ఆయమ్మ గడప దాటినాక లేసి రెండు ముద్దలు తింటాడు. పండుకుంటే గురక, లేస్తే గొణుగుడు! కూతురికి జరమొస్తే మందుకు పోయి కోడిపందెం కాడ కూసున్నాడు. రానీ సామీ, రానీ! తిట్లన్నీ ఇన్నేండ్లు దాసిపెట్టుకోనుండా, ఒగటీ మర్సిపోలేదు!"

ఆమె అట్లా తిడుతూనే ఉంది. తిడుతూనే కళ్లు తుడుచుకుంటూ ఉంది. గోవిందప్ప నోరు తెరుచుకుని విని, మడిచిన కాగితం మెల్లిగా విప్పాడు.

"చాలు తల్లీ, చాలు. ఇంత వివరంగా పెళ్లాం తప్ప ఇంకెవరూ తిట్టరు. మా ఇంట్లోనూ వింటుంటాను." పెన్ను తీశాడు. "ఇంక ఒక్క ప్రశ్న ఉంది. ఆయనకు కుడికాలు లేదు. పని చేయలేడు. ఇంట్లో పెట్టుకుని చూసుకుంటారా అని ఎంబసీవాళ్లు అడుగుతున్నారు."

పాపమ్మ బాబు సాహెబ్ వైపు తిరిగింది.

"నీకు ముందే తెలుసునా సాయిబన్నా?"

"తెలుసు తల్లీ."

"యాల సెప్పలేదు?"

"నోరు రాలేదమ్మా," అన్నాడు బాబు సాహెబ్. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఇంక ఆమె ఏమంటుందో వినే ధైర్యం లేక బిళ్ల వైపు తల వంచుకున్నాడు.

పాపమ్మ కింద కూర్చుని మట్టిలో వేలితో గీతలు గీసింది. గోవిందప్ప తొందరపెట్టలేదు. చివరికి ఆమె కొంగుతో మొహం తుడుచుకుని అడిగింది.

"సామీ, ఆయప్పకు చెవులు బాగుండాయా?"

గోవిందప్ప కాగితం ఇటూ అటూ తిప్పి చూశాడు. "చెవులకేం కాలేదు. బాగానే ఉన్నట్టుంది."

"అట్లయితే పంపించమని రాయండి," అంది పాపమ్మ. "నేను తిట్టేది వినేకి అవి సాలు."